రాగుల పుట్టిల్లు ఏది? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది పలమనేరు పక్క పల్లె. తిరుపతిలో చాలా ఏళ్ళు బోటనీ పాఠాలు చెప్పాను. బంధువుల ఇంట్లో సంగటి వడ్డించినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ మాట ఎత్తుతారు. "రాగులు ఆఫ్రికావంట కదా, నిజమేనా?" అని మొదలైతే చెయ్యి ఎండిపోయేదాకా చర్చ సాగుతుంది. ఒకసారి మా పెద్దమ్మకు కోపమే వచ్చింది. "ఏందబ్బా, మా తాత ముత్తాతల నుంచి మా చేలో పండిన రాగులు వాళ్ళవెట్లా అవుతాయి?" అంది. అలా అడిగినవాళ్ళకు చెప్పిన జవాబులనే ఇక్కడ ఒకచోట పెట్టాను.

అసలు రాగులు మనవా, కాదా?

పంటగా మారింది తూర్పు ఆఫ్రికా ఎత్తు నేలల్లో, ఇథియోపియా నుంచి ఉగాండా దాకా ఉన్న కొండ ప్రాంతంలో. సుమారు 5000 ఏళ్ళ కిందట అని అంచనా. మన దగ్గరికి ఆ తర్వాత వచ్చింది. వచ్చి కూడా మూడు వేల ఏళ్ళు దాటింది కాబట్టి మా పెద్దమ్మ మాటలో తప్పేమీ లేదు. పుట్టిల్లు అక్కడ, మెట్టినిల్లు ఇక్కడ.

ఇందులో మూడు వేరు వేరు ప్రశ్నలున్నాయి. రాగి మొక్క తల్లిదండ్రులెవరు? దాన్ని మచ్చిక చేసింది ఎక్కడ? మన దాకా ఎలా వచ్చింది? మొదటిదానికి డీఎన్ఏ సగం జవాబు ఖాయంగా చెబుతుంది, రెండోదానికి గట్టి జవాబే ఉంది. మూడోదానికి మట్టి తవ్వేవాళ్ళను కూడా అడగాలి. ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే గొడవంతా.

మన రాగి చేలల్లో రాగిలాంటి గడ్డి బోలెడు మొలుస్తుంది. రాగి దాని నుంచే వచ్చి ఉండకూడదా?

అందరికంటే తెలివైన ప్రశ్న ఇదే. ఒకప్పుడు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా అలాగే అనుకున్నారు. స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త డి కాండోల్ 1880లలో రాగిని ఇండియా పంటగానే లెక్కవేశాడు. రష్యా శాస్త్రవేత్త వావిలోవ్ మాత్రం దాన్ని ఇథియోపియా వైపు చేర్చాడు. ఈ వాదం దశాబ్దాలు నడిచింది.

ఆ గడ్డి శాస్త్రీయ నామం ఎల్యూసిన్ ఇండికా. 'ఇండికా' అని పేరు పెట్టింది లినేయస్, 1753లో. ఆ పేరు చూసి మోసపోయినవాళ్ళు తక్కువేం కాదు. కలుపు తీసేటప్పుడు ఒకసారి గమనించండి. లేతగా ఉన్నప్పుడు రాగి నారుకూ దీనికీ తేడా పట్టడం కష్టం, అలవాటున్న చెయ్యి కూడా తడబడుతుంది. మొదలు దగ్గర పట్టుకుంటే చదునుగా, నొక్కినట్టు, తెల్లగా ఉంటుంది. పీకితే ఒక పట్టాన రాదు. కంకి వేశాక దొంగతనం బయటపడుతుంది. చేతివేళ్ళలా నాలుగైదు సన్నటి కంకి వేళ్ళు పైన, ఒక్కోసారి ఒక వేలు మాత్రం కాస్త కిందగా విడిగా. గింజలు నల్లగా, గీతలు గీతలుగా ఉండి, పండీపండకముందే నేల మీద రాలిపోతాయి.

పోలిక ఉన్నమాట నిజం, చుట్టరికం కూడా నిజమే. కానీ ఈ గడ్డి కణంలో క్రోమోజోములు (డీఎన్ఏ ఉండే సన్నటి పోగులు) 18, రాగి కణంలో 36. రాగిలో ఈ గడ్డి ఒక సగం మాత్రమే.

36 క్రోమోజోములున్న అడవి రాగి వేరే ఉంది. దాన్ని ఆఫ్రికానా అంటారు. అది సహజంగా మొలిచేది ఆఫ్రికాలో, ఇథియోపియా మొదలుకొని దక్షిణాఫ్రికా దాకా ఉన్న ఎత్తు ప్రాంతాల్లో. అక్కడ పండించే రాగితో అది తేలిగ్గా కలిసిపోతుంది, పుట్టిన పిల్ల మొక్కలు చక్కగా గింజ కడతాయి. మన గడ్డితో రాగిని కలిపితే 27 క్రోమోజోముల గొడ్డు మొక్క వస్తుంది. తొమ్మిదీ పద్దెనిమిదీ కలిస్తే జతలు కుదరవు కదా. ఖిదిర్ హిలు, డి వెట్ అనే ఇద్దరు 1976లో ఈ అడవి రాగి ఆధారంగానే తూర్పు ఆఫ్రికా వైపు గట్టిగా వాదించారు. ఆ తర్వాత వచ్చిన డీఎన్ఏ పరీక్షలు వాళ్ళ మాటనే బలపరిచాయి.

క్రోమోజోములు నిజంగా లెక్కపెట్టొచ్చా? కంటికి కనిపిస్తాయా?

కనిపిస్తాయి కానీ ఓపిక కావాలి. చదువుకునే రోజుల్లో నేనూ ప్రయత్నించాను. నానబెట్టిన రాగులు పళ్ళెంలో మొలకెత్తాక, ఉదయాన్నే వేరు కొసలు కత్తిరించి, ఆమ్లంలో మెత్తబరచి, ఎసిటోకార్మిన్ రంగు వేసి, గాజు పలక మీద పెట్టి పెన్సిల్ వెనక కొసతో సుతారంగా కొట్టాలి. తర్వాత బ్లాటింగ్ పేపర్ మడిచి బొటనవేలితో నొక్కాలి. ఆ నొక్కుడులోనే ఉంది కిటుకంతా. ఎక్కువైతే పలక పగులుతుంది, తక్కువైతే అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. రాగి క్రోమోజోములు మరీ చిన్నవి, ఎర్ర చుక్కల్లా ఉంటాయి. మొదటి రోజు 34 వచ్చింది, రెండో రోజు 39. రికార్డులో మాత్రం 36 అని రాసి మేడమ్‌కు దొరికిపోయాను. నాలుగో రోజు సాయంత్రం, కరెంటు పోయే ముందు, ఒకే ఒక్క కణం చక్కగా పరుచుకుని దొరికింది. 36. ఆ సంతోషంలో ఇంకోసారి లెక్కపెట్టడానికి ధైర్యం చాలలేదు.

రాగికి అమ్మ ఎవరు, నాన్న ఎవరు?

అమ్మ తెలుసు, నాన్న తెలియదు.

ఆకుల్లో పచ్చదనం ఉండే క్లోరోప్లాస్టుకు సొంత డీఎన్ఏ ఉంటుంది. గడ్డిజాతుల్లో అది తల్లి నుంచే వస్తుంది, ఇంటిపేరు తల్లి వైపు నుంచి వచ్చినట్టన్నమాట. 1988లో హిలు రాగి క్లోరోప్లాస్టు డీఎన్ఏను చుట్టాల డీఎన్ఏతో పోల్చి చూస్తే, అది ఇండికా గడ్డితో సరిపోయింది. కాబట్టి మనం పీకి గట్టు మీద పడేసే ఆ గడ్డి, లేదా దాని పూర్వరూపం, రాగికి తల్లి. ఒక జాతి డీఎన్ఏ మొత్తాన్ని జీనోమ్ అంటారు. రాగిలోని ఈ సగానికి 'ఏ' (A) జీనోమ్ అని పేరు.

రెండో సగం 'బీ' (B) జీనోమ్. ఇది ఏ మొక్క ఇచ్చింది? 2001లో ఫ్లోకిఫోలియా అనే ఆఫ్రికా గడ్డి అని ఒక సూచన వచ్చింది. తర్వాత డీఎన్ఏ అక్షరాలు పోల్చి చూస్తే అది నిలబడలేదు. ఇప్పటిదాకా బతికున్న ఏ గడ్డితోనూ బీ సగం సరిపోలలేదు. ఆ తండ్రి మొక్క అంతరించిపోయి ఉండొచ్చని ఎక్కువమంది అభిప్రాయం.

మన చెనిక్కాయది కూడా ఇలాంటి కథే. అది కూడా రెండు అడవి జాతులు కలిసి పుట్టిందే, దాని సొంతూరు దక్షిణ అమెరికా. కాకపోతే దానికి తల్లీ తండ్రీ ఇద్దరూ దొరికారు. డ్యురానెన్సిస్, ఇపాయెన్సిస్ అనే రెండు అడవి వేరుశనగలు. ఈ విషయంలో రాగి కంటే చెనిక్కాయ అదృష్టవంతురాలు.

ఒకచోట 13 లక్షల ఏళ్ళు అంటారు, ఇంకోచోట 5000 ఏళ్ళు అంటారు. ఏది నిజం?

రెండూ నిజమే, కొలిచింది వేరు వేరు విషయాలను. రెండు గడ్డిజాతులు కలిసి 36 క్రోమోజోముల మొక్క పుట్టింది సుమారు 13 లక్షల ఏళ్ళ కిందట. అప్పటికి రైతు కాదుగదా, మనలాంటి మనిషే లేడు. అది ప్రకృతి చేసిన పెళ్ళి. ఆ మొక్క అడవి రాగిగానే లక్షల ఏళ్ళు బతికింది. దాన్ని మనిషి చేలోకి తెచ్చింది మాత్రం సుమారు 5000 ఏళ్ళ కిందట. "హైబ్రిడ్ అంటే లాబ్‌లో చేసింది, ఆరోగ్యానికి మంచిది కాదు" అనేవాళ్ళకు ఈ 13 లక్షల ఏళ్ళ లెక్క చెప్పి చూడండి.

మచ్చిక చేయడం అంటే ఏమిటి? ఆవునో కుక్కనో మచ్చిక చేస్తారు గానీ, గింజనెలా చేస్తారు?

అడవి మొక్క ధ్యాసంతా గింజ రాల్చడం మీదే. రాలితేనే దాని పిల్లలు మొలుస్తాయి. మనిషికి కావలసింది దానికి సరిగ్గా ఎదురు. కంకి కోసేదాకా, పనలు మోసేదాకా, కళ్ళంలో గుండు తిరిగేదాకా గింజ దాన్ని వదలకూడదు.

అడవి గడ్డి గింజల కోసం వెళ్ళినవాళ్ళు కంకులు కోసుకుని ఇంటికి తెచ్చారనుకోండి. రాలే గుణమున్న మొక్కల గింజలు అప్పటికే చాలావరకు నేలపాలై ఉంటాయి. ఇంటికి చేరేవి గట్టిగా పట్టుకుని ఉన్నవే. మళ్ళీ విత్తేది వాటినే. ఇలా వందల ఏళ్ళు జరిగితే, ఎవరూ కావాలని చేయకపోయినా, రాలని మొక్కలే మిగులుతాయి. గింజ కాస్త లావవడం, అన్నీ ఒకేసారి పండటం, విత్తగానే మొలవడం కూడా ఇదే దారిలో వస్తాయి. కంకి వేళ్ళు కూడా పొట్టిగా, దట్టంగా మారాయి. కొన్ని రకాల్లో లోపలికి ముడుచుకుని పిడికిలిలా కనిపిస్తాయి.

నా లెక్కలో మొదటి రైతు ఆవిడే అయ్యుంటుంది, ఆయన కాదు. దీనికి డీఎన్ఏ సాక్ష్యం అడక్కండి. గింజ ఏరేది, దాచేది, విత్తనం పక్కన పెట్టేది మా ఇంట్లో ఎప్పుడూ ఆడవాళ్ళే.

డీఎన్ఏ చూసి 'ఆఫ్రికా' అని ఎలా చెబుతారు? దాని మీద ఊరి పేరు రాసి ఉండదు కదా?

ఉండదు. దీనికి రెండు గుర్తులున్నాయి. ఒకటి, అడవి చుట్టం ఎక్కడ బతుకుతోంది అన్నది. అది పైన చెప్పాను. రెండోది వైవిధ్యం.

ఒక బస్తా రాగుల నుంచి గుప్పెడు తీసి పొరుగూరికి పంపారనుకోండి. ఆ గుప్పెట్లో బస్తాలో ఉన్న రకాలన్నీ ఉండవు. దాని నుంచి పండిన చేనంతా ఆ గుప్పెడు పోలికే. అందుకే పంట పుట్టినచోట తేడాలు ఎక్కువ, వలస వచ్చినచోట తక్కువ. డీఎన్ఏలో రెండు మూడు అక్షరాలు మళ్ళీ మళ్ళీ వచ్చే చోట్లు ఉంటాయి, మైక్రోశాటిలైట్లు అంటారు. ఒక మొక్కలో ఆ ముక్క పదిసార్లు వస్తే ఇంకోదానిలో పధ్నాలుగుసార్లు రావచ్చు. ఇలాంటివి కొన్ని పదులు చూస్తే ఎవరికెవరు దగ్గరో తెలిసిపోతుంది.

2008లో డీడా, తోటి శాస్త్రవేత్తలు ఆఫ్రికా, ఆసియా దేశాల రాగులనూ అడవి ఆఫ్రికానానూ ఇలా 45 చోట్ల పోల్చారు. మూడు గుంపులు విడిగా తేలాయి. అడవి రాగి ఒకటి, ఆఫ్రికా రాగులు ఒకటి, ఆసియా రాగులు ఒకటి. ఆసియా గుంపులో తేడాలు ఆఫ్రికా గుంపు కంటే తక్కువ. అంటే మన రాగులు ఆ గుప్పెడు నుంచి వచ్చినవి. ఆసియా రకాలు పొట్టిగా ఉండి దిగుబడి ఎక్కువ ఇస్తాయని కూడా అదే పరిశీలనలో తేలింది. వచ్చాక మనవాళ్ళు ఊరికే కూర్చోలేదన్నమాట.

మన దగ్గర ఇన్ని నాటు రకాలున్నాయి. మరి వైవిధ్యం తక్కువంటే ఎలా?

పైకి కనిపించే తేడా వేరు, డీఎన్ఏలో ఉండే తేడా వేరు. రంగు, ఎత్తు, కంకి ఆకారం కొన్ని జన్యువులు మారితే చాలు, మారిపోతాయి. పైగా రాగి తన పూతతో తానే గింజ కట్టుకుంటుంది, పక్క మొక్క పుప్పొడి కలవడం చాలా అరుదు. అందుకే ఒక ఊళ్ళో ఎంచిన రకం తరాల పాటు అలాగే నిలబడుతుంది. చూస్తే వంద రకాలు, లోపల అందరూ దగ్గరి దాయాదులే.

తవ్వకాల్లో నాలుగు వేల ఏళ్ళ నాటి రాగులు దొరికాయని చదివాను. మరి?

జాగ్రత్త. కాలిపోయిన చిరుధాన్యం గింజను గుర్తుపట్టడం మహా కష్టం. కొర్ర, అండు కొర్ర, సామ, రాగి బొగ్గయ్యాక ఒకలాగే ఉంటాయి. మన దేశంలో పాత తవ్వకాల్లో 'రాగి' అని రాసిన వాటిలో చాలావాటిని తర్వాత మళ్ళీ చూస్తే వేరే చిరుధాన్యాలని తేలింది. ఈ పని ఎక్కువగా చేసింది డోరియన్ ఫుల్లర్ అనే పురావృక్ష శాస్త్రవేత్త. కర్ణాటకలోని హళ్ళూరు గింజ మీద మాత్రం కాస్త నమ్మకం ఉంది. దాని కాలం క్రీ.పూ. 1000 ప్రాంతం.

ఆఫ్రికా వైపు కూడా ఇదే తంటా. ఇథియోపియాలో ఆక్సుమ్ దగ్గర గోబెద్రా గుహలో దొరికిన గింజల్ని మొదట వేల ఏళ్ళ నాటివన్నారు. గింజకే నేరుగా వయసు కడితే చాలా తర్వాతి కాలానివని తేలింది. పై పొరలోంచి కిందికి జారి ఉంటాయి. ఎలుక బొరియ ఒక్కటి చాలు, చరిత్ర తారుమారు కావడానికి.

సంస్కృతంలో పేరుంది కదా? అది సాక్ష్యం కాదా?

పేరు ఉంటే పంట ఉందని అర్థం, పుట్టిందని కాదు. మనం 'రాగులు' అంటాం, ఉత్తరాంధ్రలో 'చోళ్ళు', తెలంగాణలో 'తైదలు'. శాస్త్రీయ నామంలోని 'కొరకానా' సింహళంలోని 'కురక్కన్' నుంచి వచ్చింది. ఆఫ్రికా పంటకు శ్రీలంక పేరు!

ఎవరు తెచ్చారు? ఎలా వచ్చింది?

ఒకరిద్దరు తెచ్చింది కాదు. క్రీ.పూ. 2000 తర్వాత అరేబియా సముద్రం చుట్టూ ఉన్న దేశాల మధ్య రాకపోకలు పెరిగాయి. ఆ దారిలో ఆఫ్రికా నుంచి వచ్చింది రాగి ఒక్కటే కాదు. జొన్న, సజ్జ, అలసంద కూడా అక్కడివే. అనుములకు కూడా అడవి చుట్టాలు ఆఫ్రికాలోనే ఉన్నాయి.

సంక్రాంతి రోజుల్లో మా వైపు ఇళ్ళల్లో పచ్చి అనపగింజల్ని (అనుముల్నే) నానబెట్టి, వేళ్ళతో పితికి, పైతొక్క తీసి పితికిపప్పు చేస్తారు. పక్కన వేడి సంగటి. మన చిత్తూరు వంట అని మనం గర్వంగా చెప్పుకునే ఆ పళ్ళెంలో ముద్ద, పప్పు రెండూ ఆ సముద్రం దాటి వచ్చినవే. ఊరిబిండి పచ్చడిలో చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు అంతకంటే దూరం నుంచి, అమెరికా ఖండాల నుంచి. సంగటి కెలికే తెడ్డు మాత్రం ఖాయంగా ఇక్కడిదే.

మరి రాగి రాకముందు ఇక్కడివాళ్ళు ఏం తినేవాళ్ళు?

అండు కొర్రలు, ఉలవలు, పెసలు. కర్ణాటక, రాయలసీమ వైపు నవీన శిలాయుగపు బూడిద దిబ్బల కాలం నాటి ఊళ్ళలో ఎక్కువగా దొరికేవి ఇవే. వీటిని మచ్చిక చేసింది ఈ నేల మీదే. ఇప్పుడు అండు కొర్రలు అంగట్లో పాకెట్లలో కొంటున్నాం, ఉలవలు ఎద్దులకు పెట్టేవని చిన్నచూపు చూశాం. సామలు, అరికెలు కూడా ఈ దేశంవే. 'మన ప్రాచీన ధాన్యం' అని ఎవరికైనా బోర్డు కట్టాలనుకుంటే ముందు వీటికి కట్టాలి.

రాగి జీనోమ్ మొత్తం చదివారా?

చదివారు. 2017లో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఎంఎల్-365 అనే రకం డీఎన్ఏను ప్రచురించింది. 2018లో జ్యూరిక్ విశ్వవిద్యాలయం బృందం చదివింది పీఆర్-202. ఇది మన రాష్ట్రం రకమే, పెద్దాపురం పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది. 2023లో కెన్యా రకం ఒకదాన్ని క్రోమోజోముల వారీగా పూర్తిగా పేర్చారు. 13 లక్షల ఏళ్ళ లెక్క వచ్చింది ఈ చివరిదాని నుంచే. పండించే రాగుల క్రోమోజోముల నడుమ భాగాల్లో అడవి రాగి నుంచి వచ్చిన పెద్ద పెద్ద ముక్కలున్నాయని కూడా అందులో తేలింది. ఏ రకంలో ఏ ముక్క ఉంది, ఏది లేదు అన్నదాన్ని బట్టే గుంపులు ఎక్కువగా విడిపోతున్నాయి. అంటే మచ్చిక అయ్యాక కూడా ఆఫ్రికాలో చేను గట్టు మీది అడవి రాగి చేలోకి వచ్చిపోతూనే ఉంది.

కొన్ని రాగి మొక్కలు ఊదా రంగులో ఉంటాయి. వాటి గింజ రంగుకూ దీనికీ సంబంధం ఉందా?

పూతలో ఊదా రంగు పోవడానికి కారణమైన జన్యువును ఆ 2023 పరిశీలనలోనే పట్టుకున్నారు. మొక్కజొన్నలో రంగు నడిపే జన్యువుకు ఇది సోదరి. అది చెడిపోతే పుప్పొడి తిత్తులు, కీలాగ్రం తెల్లబడతాయి. గింజ పైపొరలో రంగుకు సంబంధించిన పదార్థం తయారీ మాత్రం ఆగదు. కాబట్టి పూత రంగు చూసి గింజ రంగు చెప్పలేం.

ఇదంతా తెలుసుకుంటే రైతుకు ఏం ఒరుగుతుంది?

ఇండాఫ్ అనే రకాల పేరు పెద్దవయసు రైతులకు గుర్తుండే ఉంటుంది. 'ఇండ్' అంటే ఇండియా, 'ఆఫ్' అంటే ఆఫ్రికా. కర్ణాటకలోని మండ్యలో లక్ష్మణయ్య గారు మన రాగులనూ ఆఫ్రికా రాగులనూ కలిపి ఈ రకాలు తీశారు. అంత సన్నటి పూతలో కేసరాలు తీసి వేరే పుప్పొడి పట్టించడం ఆషామాషీ పని కాదు. మనకున్న గుప్పెడులో లేని గుణాలు పుట్టింటి బస్తాలో ఉంటాయన్నదే అక్కడి సూత్రం. ఆకు మీద, కంకి మెడ మీద, కంకి వేళ్ళ మీద దాడి చేసే అగ్గితెగులును బాగా తట్టుకున్న జీపీయూ-28 తాతముత్తాతల్లో కూడా ఇండాఫ్ రకాలున్నాయి. మన తిరుపతి పక్కనే పెరుమాళ్ళపల్లె వ్యవసాయ పరిశోధన స్థానంలో రాగి మీద పని జరుగుతోంది. 'వకుళ' రకం అక్కడిదే. దాని అసలు నంబరు పీపీఆర్-2700లో 'పీపీఆర్' అంటే పెరుమాళ్ళపల్లె రాగి.

మా ఇంట్లో తాతల నాటి రాగి విత్తనం ఉంది. డీఎన్ఏ పరీక్ష చేయించాలా?

అక్కర్లేదు, ముందు దాన్ని బతికించండి. బాగా ఎండబెట్టి, గాలి చొరని డబ్బాలో పెట్టి, రెండు మూడేళ్ళకోసారి కొంచెమైనా చల్లి కొత్త గింజ తీసుకోండి. వెయ్యి గింజలు కలిపితే మూడు గ్రాముల చుట్టుపక్కల తూగుతాయి కాబట్టి చోటు పెద్దగా పట్టదు. కొంత విత్తనం పరిశోధన స్థానానికి కూడా ఇస్తే మంచిది. పటాన్‌చెరు ఇక్రిశాట్ విత్తన నిధిలో వేల రాగి నమూనాలున్నాయి, చాలావరకు ఇలా ఎవరో ఒకరి ఇంటి నుంచి వెళ్ళినవే. ఇచ్చేటప్పుడు ఊరి పేరు, మీరు పిలిచే పేరు, ఏ కార్తెలో చల్లుతారో ఒక కాగితం మీద రాసి కవరు లోపల పెట్టండి, పైన కాదు. మా ఇంటి విత్తనానికి పైనే రాశాం. వానకు తడిసి సిరా కరిగి, ఇప్పుడు 'పెద్ద' దాకా చదవొస్తోంది, మిగతాది పోయింది. పెద్ద రాగా, పెద్దమ్మ ఇచ్చిన రాగా అని ఇంకా తేలలేదు.